ఇనోకే ఇంటికి తిరిగి వెళ్ళిన దంతం

ఫిజీ దేశంలో అలిపాటే నంబైనివాలు గొంతు ఎరుగని ఇల్లు లేదు. అయినను, యాభై ఆరవ ఏట ఆ గొంతును ఆయన తానే ఏవగించుకొనే స్థితికి వచ్చి ఉన్నాడన్న సంగతి భార్య తోరికాకు తప్ప అన్యులకు తెలియదు. శనివారం రగ్బీ ఆట ముగించుకొని ఇల్లు చేరగానే ఆయన మొట్టమొదట చేసే పని, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో నోరు పుక్కిలించడం. అది గొంతునొప్పికి వైద్యం కాదు. కుళ్ళిన చేప నోట పడినవాడు ఉమ్మినట్లుగా ఆయన పెరటి గుమ్మంలో నిలబడి ఉమ్మేవాడు.

"ఇవాళ ఎన్నిసార్లు పగిలిందేంటి?" అని తోరికా వంటింట్లోంచి అడిగేది.

"నాలుగు."

"అయితే ఒక చెంబు చాలదు. ఉండు, ఇంకోటి కాస్తాను."

ఆ పగిలినది ఏమిటో చెప్పుటకు ముందు ఆయన పూర్వ వృత్తాంతం కొంత చెప్పవలసి ఉన్నది.

ఆయన స్వగ్రామం రేవా నది ఒడ్డున నకైలో అనే ఊరు. తండ్రి పడవ బోల్తాపడి పోయినప్పుడు ఆయనకు మూడేళ్ళు. పెంచి, చదివించి, మనిషిని చేసినవాడు పెదనాన్న సైరుసి. 1983లో అలిపాటే సువా నగరంలోని ఒక దినపత్రికలో ఆటల వార్తలు రాసే పనికి కుదిరాడు. ఆ విభాగానికి పెద్ద లెవానీ అనే ముక్కోపి. అతడు కొత్తవానికి మొదటి రోజున కుర్చీ చూపలేదు. ఒక పెన్సిలు ఇచ్చాడు.

"సిరా కలం ఇంట్లో పెట్టుకో. సువా వానకి అది ఆగదు. మైదానం గీత పక్కన నిలబడు. కళ్ళతో చూసిందే రాయి. ఆటగాడి పేరు, వాళ్ళ నాన్న పేరు, ఊరి పేరు, మూడూ ఉండాలి. ఒక్కటి తప్పినా ఆ ఊళ్ళో వంద మంది మన పేపరుతో పొయ్యి రాజేస్తారు."

ఇరవై రెండేళ్ళ పాటు అలిపాటే ఆ గీత పక్కనే, వానలో, మోకాలి లోతు బురదలో నిలబడి రాశాడు. లెవానీ వద్ద ఆయన నేర్చిన మరొక పద్ధతి కూడా ఉన్నది. ఎవరినైనా తప్పుపట్టుతూ రాయదలిస్తే, అచ్చుకు ముందు ఆ మనిషి ఇంటికి స్వయంగా వెళ్ళి, అతని చాప మీద కూర్చొని, రాసినదంతా అతనికే చదివి వినిపించి, మూడు రోజుల గడువు ఇచ్చి రావాలి. "అబద్ధమైతే ఆ మూడు రోజుల్లో రుజువు తెస్తాడు. నిజమైతే మూడు రోజులు అన్నం సయించదు. ఎట్లా చూసినా మనకి మేలే" అనేవాడు లెవానీ. ఈ పద్ధతిని అలిపాటే జీవితంలో ఒక్కసారి కూడా ఉల్లంఘించలేదు.

1988లో నవులోవా జిల్లా జట్టు ఛాంపియన్ కప్పు గెలిచింది. నవులోవా నకైలోకు సరిగ్గా ఏటికి ఆవలి ఒడ్డు. ఆ జట్టు నాయకుడు నిషేధంలో ఉండి, తన తమ్ముని పేరుతో ఫైనల్ ఆడినాడు. అలిపాటే ఆవలి ఒడ్డుకు వెళ్ళి, చదివి వినిపించి, మూడు రోజులు ఆగి, నాలుగవ రోజున అచ్చు వేయించాడు. కప్పు వెనక్కి పోయింది. దానితో పాటు ఆవలి ఒడ్డు కూడా పోయింది. నవులోవా వారెవరూ నంబైనివాలు ఇంటి గుమ్మం తొక్కరాదని వారి పెద్దలు కట్టడి చేశారు. ఆ రాసినవాడు సువాలో ఉన్నాడు కనుక ఆ శిక్ష అతనికి తగలలేదు. తగిలినది సైరుసికి. యంగోన వేరు నలిపి కలిపిన పానీయపు గిన్నె చుట్టూ ఏటికి ఇరుపక్కల పెద్దలు కూర్చొనే చోట ఆయనకు ఒక స్థానం ఉండేది. ఆ స్థానంలో మరొకడు కూర్చున్నాడు. ముసలాయన ఆ విషయమై తమ్ముని కొడుకును ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అలిపాటేకు ముల్లయింది.

2005లో పత్రిక ఆటల పేజీలు తగ్గించి ఆయనను ఇంటికి పంపింది. ఆయన భార్యతో నకైలోకు, పెదనాన్న ఇంటికి చేరాడు. మరుసటి సంవత్సరం ఒక టీవీ సంస్థ రగ్బీ ఆటను ఫిజీ భాషలో వ్యాఖ్యానించుటకు మనిషిని వెదకగా, ఆయన అక్కడ కుదిరాడు. మొదటి రెండు ఆటలలో లెవానీ నేర్పిన ప్రకారం పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పుతూ, చూసినది చూసినట్లు పలికాడు. కార్యక్రమాల అధికారి దేవ్‌నారాయణ్ చెవిలోని యంత్రంలో గొణుగుతూనే ఉన్నాడు: "సార్, ఇది శ్రాద్ధం కాదు సార్. కాస్త ఉప్పూ కారం వెయ్యండి."

మూడవ ఆటలో ఇద్దరు ఆటగాళ్ళ తలలు ఢీకొన్నాయి. ఆ చప్పుడు గీత పక్కనున్న మైకులో పడి, అద్దాల గదిలో కూర్చున్న ఆయన చెవిని నేరుగా తాకింది. ఏమి అంటున్నాడో తెలియకుండానే ఆయన నోటి వెంట వచ్చింది: "కొబ్బరికాయ పగిలిందిరోయ్!"

దేశం పడిపడి నవ్వింది. సోమవారానికి బస్సు డ్రైవర్లు అన్నారు. బుధవారానికి పార్లమెంటులో ఒక సభ్యుడు మరొకరిని అన్నాడు. నెల తిరిగేసరికి ఆ మాట అచ్చువేసిన చొక్కాలు నౌసోరి బజారులో వేలాడినాయి. ఆనాటి నుండి ఆటలో ఎవని తల దేనికి తగిలినా దేవ్‌నారాయణ్ చెవిలో "కాయ సార్, కాయ!" అని అరిచేవాడు, ఈయన పగలగొట్టేవాడు. ఇరవై రెండేళ్ళు వానలో తడిసి రాసిన వేలాది పేర్లలో ఒక్కటి ఎవనికీ జ్ఞాపకం లేదు. జ్ఞాపకమున్నది ఆ కాయ. మేనత్త అంత్యక్రియలలో, శవం చాప మీద ఉండగానే, ఒక పెద్దమనిషి ఆయనకు యంగోన చిప్ప అందించి, చెవి దగ్గర వంగి, "పిల్లలు అడుగుతున్నారు, నెమ్మదిగా ఒక్కసారి అనండి" అని కోరాడు. అలిపాటే చిప్ప త్రాగి, నెమ్మదిగా, ఒక్కసారి అన్నాడు. ఆ దినం నుండే ఉప్పునీరు ఆరంభమైంది.

పన్నెండేళ్ళు అట్లే గడిచాయి. 2018 ఆగస్టులో ఛాంపియన్ కప్పు సెమీఫైనల్ ఆటలో నవులోవా జట్టు ఆటగాడు మలకై తలకు ఎదుటివాని మోకాలు తగిలింది. ఇరవై ఆరేళ్ళవాడు, నౌసోరి బజారులో మూటలు మోసే బండి లాగేవాడు. పడినవాడు లేచాడు, లేచి, ఎదుటి జట్టు వరుసలోకి వెళ్ళి నిలబడ్డాడు. మైదానం గొల్లుమంది. అలిపాటే ఆ మాటను ఒకసారి కాదు, రెండుసార్లు అరిచాడు. సంస్థ వారు ఆ దెబ్బను నెమ్మది చేసి నాలుగుసార్లు చూపారు.

మూడు వారాల తరువాత, ఫైనల్ జరగబోయే వారం సోమవారం నాడు, మలకై తల్లి వాసితి ఆయన ఇంటికి వచ్చింది. బజారులో చామాకు, ఏటి పీతలు అమ్ముకొనే మనిషి. కట్టడి ప్రకారం గుమ్మం దాటలేదు. వాకిట్లోనే గొడుగు మూసి నిలబడి, చామాకు చుట్టిన పాత వార్తాపత్రికలోంచి ఒక కాగితం తీసింది.

"తమ్ముడూ, ఇంగ్లీషు. ఇందులో ఏం రాసుందో కాస్త చెప్పు."

అది వైద్యశాల డాక్టరు రాసిన పత్రం. ఒక ప్రతి రోగికి, ఒక ప్రతి జట్టు మేనేజరుకు అని పైన ఉన్నది. అందులోని సారాంశం ఈ క్రింది విధముగా ఉన్నది: రోగి తలకు తగిలిన దెబ్బ వలన మెదడులో వాపు ఏర్పడినది, నాలుగు మాసముల వరకు ఎట్టి ఆటలోను దిగరాదు, ఈలోపల మరొక దెబ్బ తగిలినచో ప్రాణహాని కలుగవచ్చును.

అలిపాటే మాట మార్చకుండా చదివి వినిపించాడు. వాసితి గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది.

"మరి మా జట్టు మేనేజరు ఇనోకే దొర చదివి, 'అంతా బాగుందని రాసుంది, నీ కొడుకు ఎద్దులా ఉన్నాడంట' అన్నాడే!"

"అట్లా రాయలేదక్కా."

"నెత్తిన తడిగుడ్డ వేసుకుని పగలంతా పడుకుంటాడు తమ్ముడూ. వెలుతురు చూడలేడు. ఆటకి పిలిస్తే మాత్రం లేచి పోతాడు. వాడికీ ఆడాలనే ఉంది. జన్మలో ఫైనల్ ఆడలేదు కదా."

"నువ్వు ఇనోకేతో చెప్పలేవా?"

"నేనా?" అని ఆమె నవ్వింది, ఆ నవ్వు చూడ శక్యం కాలేదు. "దొరల ఇంట్లో మా వంశం పని కూర్చుని చప్పట్లు కొట్టడం. నోరెత్తడం కాదు. నీకు నోరుంది. నువ్వు చదువు. దేశమంతా వినేట్టు చదువు. వాడు నన్ను జన్మంతా తిట్టుకున్నా సరే."

ఆ మధ్యాహ్నమే, ఆటగాణ్ణి ఆపగల అధికారం ఉన్న మైదానపు డాక్టరు చేతిలో ఆ పత్రం పెట్టి ఉంటే కథ అక్కడితో ముగిసి ఉండేది. కాని అలిపాటేకు లెవానీ పద్ధతి ఒకటి ఉన్నది కదా. ఆయన ఉతికిన సులూ పంచె కట్టుకొని, పడవ దాటి, ముప్పై ఏళ్ళ తరువాత నవులోవాలో కాలుపెట్టి, జట్టు మేనేజర్ ఇనోకే చాప మీద కూర్చొని, పత్రం ఆసాంతం చదివాడు.

ఇనోకే దొరల కుటుంబంవాడు. నున్నని ముఖం, మెత్తని మాట. చదువుతున్నంతసేపు బన్నుకు వెన్న రాస్తూ కూర్చున్నాడు.

"బన్ను తీసుకో అలిపాటే. పాపం, ఇంత దూరం వచ్చావు. ఒక్క సంగతి అడుగుతా, ఏమీ అనుకోవు కదా? ఆ రోజు కాయ పగిలిందని కేకేసింది నువ్వేనా, ఇంకెవరైనానా?"

"నేనే."

"పగలగొట్టిందీ నువ్వే, అతికించేదీ నువ్వేనన్న మాట. బాగుందయ్యా నీ వ్యాపారం."

"గురువారం దాకా గడువు. అతన్ని జట్టులోంచి తప్పించు. తప్పించకపోతే శుక్రవారం సాయంత్రం కార్యక్రమంలో ఇది చదువుతాను."

"ఆలోచిస్తా. టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు ఇనోకే.

అతడు ఆలోచించిన విధానం బుధవారం సాయంత్రం బయటపడింది. సువాలో పని ముగించుకొని అలిపాటే నకైలో చేరేసరికి, ఇంటి చాప మీద తడి పాదాల గుర్తులు, మధ్యలో కడగని యంగోన గిన్నె. గోడ మేకుకు పేనిన తాడుతో, పెద్ద విన్నపాలకు మాత్రమే ఎత్తే తిమింగలపు దంతం ఒకటి వేలాడుతున్నది. బాగా పాతది, చేతుల నూనెతో తేనె రంగు తేలినది. దాని క్రింద ఎనభై నాలుగేళ్ళ సైరుసి పెళ్ళికొడుకులాగ కూర్చొని ఉన్నాడు.

"వచ్చారురా!" అన్నాడు ముసలాయన. "తొమ్మిది మంది వచ్చారు. ఇనోకే నడుం వంచి, మోకాళ్ళ మీద ఆ గుమ్మంలోంచి నా దాకా పాక్కుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళ నాటి తప్పుకి క్షమాపణ చెప్పుకున్నార్రా. నా కళ్ళారా చూశాను."

అలిపాటే చాప అంచున కూర్చొన్నాడు. "ఇంకేం అడిగారు పెదనాన్నా?"

"అడగడానికేముంది? 'మీ అబ్బాయి నోట మా జట్టు గురించి ఏ మాట ఉన్నా, ఎవరి చెవినా పడకుండా ఈ దంతం కింద పాతేయండి' అన్నారు. సరే అన్నాను."

"సరే అన్నారా!"

"దంతం పట్టుకుని వచ్చిన వాణ్ణి ఎందుకొచ్చావని నిలదీస్తారట్రా? రెండు చేతులా అందుకున్నాను. ముద్దు పెట్టుకున్నాను. చప్పట్లు కొట్టాను. అయిపోయింది."

నిజమే, అయిపోయింది. ఇంటి పెద్ద దంతం అందుకొన్న తరువాత ఆ ఇంట్లో ఎవ్వరూ ఆ విషయం ఎత్తరాదు. టీవీలోనే కాదు, మైదానపు డాక్టరు చెవిలో కూడా ఊదరాదు. ఎత్తినవాడు తన మాట కాదు, పెద్దవాని మాట మింగినవాడవుతాడు. క్షమాపణ అనే పవిత్రమైన ఆచారాన్ని ఇనోకే ముక్కు తుడుచుకొనే గుడ్డగా వాడుకొన్నాడని అలిపాటేకు తెలిసిపోయింది. ఆ వాడకానికి మూడు రోజుల సమయం చేతికి ఇచ్చినవాడు తానే అని కూడా తెలిసింది. 

గురువారం పొద్దున ఆయన పెదనాన్న ఎదుట మోకరిల్లి, వాసితి సంగతి, పత్రం సంగతి, అంతా చెప్పాడు. ముసలాయన దంతం వైపు చూశాడు.

"ఆ మాట నిన్న నాతో ఎందుకనలేదు?"

"నిన్న మీరు నవ్వుతున్నారు పెదనాన్నా. ఆ నవ్వు చూసి ముప్పై ఏళ్ళయింది."

"అయితే ఇంకో ముప్పై ఏళ్ళు చూడకు. తీసుకున్నవాణ్ణి నేను. తిరిగిచ్చేదీ నేనే కావాలి. నేనివ్వను."

"ఆ పిల్లవాడు చస్తే?"

"చస్తే ఆ పాపం ఇనోకేది. దంతం వెనక్కి పోతే సిగ్గు నాది. నేను పోయాక నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. ఆగలేవా కొన్నాళ్ళు?"

"ఎల్లుండి ఆట, పెదనాన్నా."

సైరుసి ముఖం గోడ వైపు త్రిప్పుకొన్నాడు. శుక్రవారం తెల్లవారిన తరువాత, ఆ త్రిప్పుకొన్న ముఖం త్రిప్పుకొని ఉండగానే, అలిపాటే చెయ్యి చాచి మేకు నుండి దంతం తీశాడు. తాడు గోడకు రాసుకొన్న చప్పుడు ముసలాయన వినకపోలేదు. వీపు కదలలేదు. సొంత ఇంట్లో దొంగతనం చేస్తున్నవానికి ఎట్లుంటుందో అట్లున్నది అలిపాటేకు; చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఇటువంటి కార్యంలో మనిషి తన మాట తాను చెప్పుకొనరాదు. పక్షాన పలికేవాడు ఒకడుండాలి. ఊళ్ళో ఎవరూ రామన్నారు. చివరకు మేనమామ కొడుకు ఇసోవా వచ్చాడు. టీవీ సంస్థలో కెమెరా పట్టేవాడు. బావను ఏడిపించడమే జీవితాశయంగా గలవాడు.

"ఏం బావా, మొహం సగం ఉడికిన పెండలంలా ఉంది?" అన్నాడు పడవలో కూర్చుంటూ. "మనకి తన్నులు పడితే ముందు నిన్ను తోస్తాను, ముందే చెప్తున్నా. నాకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు."

"నాకు లేరా?"

"నీ పెళ్ళాం నిన్ను వదిలించుకోవాలని పాతికేళ్ళుగా చూస్తోంది. పుణ్యం వస్తుంది నాకు."

ఏటి మధ్యకు వచ్చేసరికి ఇసోవా సంచిలో ఉన్నదాన్ని ఒకసారి విప్పి చూశాడు. అటుపిమ్మట ఒడ్డు చేరేవరకు అతని నోట పరిహాసం రాలేదు.

ఇనోకే ఇంట్లో జట్టు పెద్దలు పదిమంది వరకు కూర్చొని ఉన్నారు. ఇద్దరూ గుమ్మం దగ్గర, అందరికన్న దిగువ చోట కూర్చొన్నారు. ఇసోవా దంతాన్ని రెండు చేతుల మీద ఎత్తి పట్టుకొని, పద్ధతి తప్పకుండా పలికాడు: మీరు తెచ్చిన గౌరవం బరువైనది, మా ఇల్లు చిన్నది, దాని క్రింద ఒక బ్రతికున్న మనిషిని పాతిపెట్టమని మీరు అడిగినారు, అది మాకు చాతకాదు, కనుక దీనిని మీ పాదాల ముందు ఉంచుచున్నాము.

ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. ఎవ్వరూ చెయ్యి చాచలేదు. ఆ తీరాన పెద్దలకు జ్ఞాపకమున్నంతలో, పుచ్చుకొన్న దంతం వెనుకకు వచ్చిన సందర్భం లేదు. అటువంటి దానిని ఎట్లు అందుకోవాలో వారిలో ఎవనికీ తెలియదు.

"తీసుకెళ్ళు" అన్నాడు ఇనోకే. మెత్తని మాట ఏమైందో, పళ్ళ సందున వచ్చింది. "అలిపాటే, తీసుకెళ్ళమంటున్నాను. ముసలాడి పరువు కోసం అయినా తీసుకెళ్ళు."

ఇసోవా దంతాన్ని చాప మీద పెట్టాడు. ఇద్దరూ వంగి, వెనుకకు జరుగుతూ గుమ్మం దాటారు.

"రేపు నువ్వు పోతే నీ గుంట తవ్వడానికి ఏటికి ఈ పక్క నుంచి ఒక్క చెయ్యి రాదు, గుర్తుపెట్టుకో!" అని లోపల నుండి ఇనోకే కేక వినిపించింది.

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల కార్యక్రమంలో అలిపాటే డాక్టరు పత్రం చదివాడు. గొంతు హెచ్చించలేదు. ఆటగాని పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పాడు. వైద్యుడు రాసినది రాసినట్లు ఫిజీ భాషలో వినిపించాడు. సెమీఫైనల్ నాడు తాను అన్న మాట అనరాని మాట అనియు, దానికి తనదే పూచీ అనియు చెప్పి ముగించాడు. చెవిలో దేవ్‌నారాయణ్ ఒక్కసారి కూడా అడ్డుపడకపోవడం ఆయనకు వింతగా తోచింది. ఆ మనిషి కూడ మనిషేనని క్షణకాలం అనుకొన్నాడు.

గది నుండి వెలుపలికి వచ్చి, నడవలోని టీవీ ముందు ఆయన ఆగిపోయాడు. అరగంట గడవలేదు, సంస్థ వారు ఆ చదివిన ముక్కను అప్పుడే వేస్తున్నారు. వెనుక డప్పులు, దానిమీద మలకై తలకు మోకాలు తగిలే దృశ్యం, మెల్లగా, మరింత మెల్లగా. "ప్రాణహాని" అన్న మాట ముగిసిన వెంటనే, ఆయన పాత కేక: "కొబ్బరికాయ పగిలిందిరోయ్!" ఆ పైన మళ్ళీ డప్పులు.

దేవ్‌నారాయణ్ పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకొన్నాడు. "సార్! ఏం చేశారు సార్! దేశమంతా మన దాని మీదే ఉంది. ఒక ఆట కోసం ఇంతమంది ఎన్నడూ ఎదురు చూడలేదు. ఇది ముందే చెప్పుంటే ఇంకా బాగా అలంకరించేవాణ్ణి కదా!"

అలిపాటే ఆ చేతుల నుండి తన చేతులు విడిపించుకొని, అక్కడే ఒక కాగితం మీద, నేటి నుండి తన సేవలు ముగిసినట్లుగా భావించవలసినదనియు, తన గొంతు నమోదై ఉన్న ఏ భాగమును ఇకమీదట ఉపయోగించరాదనియు రాసి సంతకం చేసి ఇచ్చాడు.

"ఇకమీదట రానంటే సరే సార్, అది మీ ఇష్టం" అన్నాడు దేవ్‌నారాయణ్ కాగితం చదివి. "ఉన్నదాన్ని వాడొద్దంటే ఎట్లా? అది సంస్థది కదా."

శనివారం పొద్దున మైదానపు డాక్టరు మలకైని జట్టు నుండి తప్పించాడు. నవులోవా రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఆట చివర దాకా, తగిలిన ప్రతి తలకూ, కొత్త వ్యాఖ్యాత మాట మధ్యలో అలిపాటే నమోదు గొంతు కేక వేస్తూనే ఉన్నది. ఆయన ఇంట్లో టీవీ ఆపివేసి ఉన్నా, పొరుగు ఇళ్ళ నుండి వినబడింది. సైరుసి తన చాప చుట్టుకొని ఊరి ఆ చివర ఉన్న మరొక తమ్ముని కొడుకు ఇంటికి వెళ్ళిపోయాడు. పోతూ తోరికా ఇచ్చిన అరటిపండ్లు కూడా పుచ్చుకోలేదు.

ఆదివారం ప్రార్థన ముగిసిన తరువాత అలిపాటే వాకిట్లో కూర్చొని కర్రపెండలం చెక్కు తీస్తుండగా, మలకై వచ్చాడు. తలకు తడిగుడ్డ. ఎండకు కళ్ళు చికిలించుకొని, చేయి అడ్డం పెట్టుకొని, దడి అవతల నిలబడ్డాడు.

"నంబైనివాలూ! ఇన్నేళ్ళు బండి లాగిన వాడికి ఒక్క ఫైనల్ వచ్చింది. అది నువ్వు మింగావు. నా పేరు, మా నాన్న పేరు, ఊరి పేరు చెప్పి దేశమంతటికీ నన్ను పిచ్చోణ్ణి చేశావు. రేపు బజార్లో నా చేతికి బండి ఎవడిస్తాడు? మా అమ్మని కూడా నీ వైపు తిప్పుకున్నావు. థూ!"

దడి మొదట్లో ఉమ్మాడు. అలిపాటే కత్తి క్రింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది మలకై. నువ్వు పడ్డప్పుడు ఆ మాట అరిచింది నేనే. దానికి నన్ను ఏమన్నా పడతాను. చదివినందుకు మాత్రం కాదు."

మలకై చేయి విదిలించి వెళ్ళిపోయాడు. ఇరవై అడుగులు నడిచాడు. దారి మలుపు వద్ద ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, ఏదో పని మీద బయలుదేరి అది ఏమిటో వెదుక్కొంటున్నవానిలాగ. తరువాత ముఖం మళ్ళీ బిగుసుకొన్నది. వెనుకకు తిరిగి, వేగంగా దడి దగ్గరకు వచ్చాడు.

"నంబైనివాలూ! ఇన్నేళ్ళు బండి లాగిన వాడికి ఒక్క ఫైనల్ వచ్చింది. అది నువ్వు మింగావు..."

అవే మాటలు. అదే వరుస. బండి, అమ్మ, థూ. ఉమ్మిన చోటు కూడ అదే.

తోరికా గుమ్మంలోకి వచ్చి, "ఇదేంటిరా, ఇప్పుడే కదా..." అనబోయింది. అలిపాటే చేయి ఎత్తి ఆమెను ఆపాడు. మలకై చెప్పవలసినదంతా చెప్పే వరకు, ఒక్క మాట విడువకుండా, మొదటిసారి విన్నట్లే విన్నాడు.

"తప్పు నాది మలకై" అన్నాడు. "నువ్వు పడ్డప్పుడు ఆ మాట అరిచింది నేనే."

తోరికా చెప్పులు వేసుకొని దడి దాటి, అతని మోచేయి పట్టుకొన్నది. "పద నాయనా, ఎండగా ఉంది. డాక్టరు గారి దగ్గర కాసేపు నీడన కూర్చుందాం" అని నౌసోరి దారి పట్టించింది. అతడు ఎదురుచెప్పకుండా నడిచాడు. అలిపాటే గొడుగు తెచ్చి అతని తలపై పట్టుకొని, ప్రక్కన నడిచాడు. వంతెన దగ్గరకు రాగానే మలకై తల త్రిప్పి, గొడుగు పట్టుకొన్న మనిషి ముఖాన్ని పరకాయించి చూసి, మూడవసారి ఆరంభించాడు. అలిపాటే నడక తగ్గించి వినసాగాడు.